లైట్ క్యాన్ సూపులతో నలుగురికి రాత్రి భోజనం సరిపోతుందా?

ప్రశ్న: డల్లాస్_వంటిల్లు

ఇద్దరు పెద్దలు, 6, 10 ఏళ్ల పిల్లలు. శాకాహారులం. వారంలో రెండు రాత్రులు అరగంటలో భోజనం అయిపోవాలని లైట్ అని రాసిన క్యాన్ సూపులు మొదలుపెట్టాం. 18.5 ఔన్సుల రెడీ టు సర్వ్ రకం, కప్పుకి 80 కేలరీలు, సోడియం 650 మిల్లీగ్రాములు. తాగిన గంటకే అందరికీ మళ్ళీ ఆకలి. వీటిలో ఏం కలిపితే కడుపు నిండుతుంది? లైట్ అంటే ఉప్పు కూడా తక్కువనే కదా? ఇంకోటి, కండెన్స్‌డ్ (నీళ్లు కలుపుకోవాల్సిన చిక్కటి ముద్ద) టమాటా సూపులో నీళ్లకు బదులు పాలు పోస్తే విరిగిపోతోంది. ఎందుకు?

జవాబు: లేబుల్_చూడండి

ముందు ఉప్పు సంగతి. ఉత్త లైట్ అనే మాటకి అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో అర్థం, మామూలు రకం కంటే కేలరీలు మూడో వంతు తక్కువ, లేదా కొవ్వు సగమే. ఉప్పుతో దానికి సంబంధం లేదు. ఉప్పు కోసం వెతకాల్సిన మాటలు వేరు. లో సోడియం అంటే ఒక సర్వింగ్‌కి 140 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువ. రెడ్యూస్డ్ సోడియం అంటే మామూలు దానికంటే కనీసం 25 శాతం తక్కువ. మామూలుది 900 అయితే ఇది 675 ఉండొచ్చు, అదేమీ తక్కువ కాదు.

మీ క్యాన్‌లో ఉండేది దాదాపు రెండు కప్పులు. అంటే క్యాన్ మొత్తానికి 1300 మిల్లీగ్రాముల సోడియం. పెద్దలకు రోజంతటికీ హద్దు 2300, మీ ఆరేళ్ల పిల్లకో పిల్లాడికో 1500, పదేళ్ల వాళ్లకి 1800. ఒక క్యాన్ ఒక్కరే తాగితే చిన్నవాళ్ల రోజు కోటా దాదాపు అయిపోయినట్టే. కండెన్స్‌డ్ రకంలో లేబుల్ మీద సర్వింగ్ అరకప్పు అని ఉంటుంది, అది నీళ్లు కలపని ముద్ద కొలత. చాలామంది అక్కడే పొరబడతారు.

ఒక హెచ్చరిక. ఉప్పు తగ్గించిన కొన్ని సూపుల్లో రుచి కోసం పొటాషియం క్లోరైడ్ వేస్తారు. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడే పెద్దవాళ్లు ఉంటే డాక్టర్ని అడగకుండా అవి పెట్టకండి.

జవాబు: పప్పుచారు_పక్షం

నలుగురికి రెండు క్యాన్లు తెరవకండి. ఒక్కటి చాలు, మిగతాది పప్పు చూసుకుంటుంది.

ముప్పావు కప్పు మైసూర్ పప్పు (ఎర్ర పప్పు) కడిగి మూడు కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు, ఒక చుక్క నూనె వేసి మధ్యస్థ మంట మీద పెట్టండి. మూత ఓరగా ఉంచాలి, ఈ పప్పు ఊరికే పొంగుతుంది. 8 నిమిషాలకి రెండు కప్పుల ఫ్రోజెన్ కూరముక్కలు వేయండి. ఇంకో 5 నిమిషాలకి పప్పు మెదిగాక, అప్పుడు క్యాన్ సూపు పోయండి. టమాటా ఉన్న సూపు ముందే పోస్తే పులుపుకి పప్పు త్వరగా మెత్తబడదు, ఉడకడానికి చాలాసేపు పడుతుంది. సూపు పోశాక రెండు మూడు నిమిషాలు వేడెక్కితే చాలు. క్యాన్‌లోది ఫ్యాక్టరీలోనే బాగా ఉడికి వస్తుంది, మళ్ళీ మరిగిస్తే క్యారెట్, పాస్తా గుజ్జైపోతాయి.

పోపుకి రెండు చెంచాల నెయ్యి, చెంచా జీలకర్ర, నలిపిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, అరచెంచా మిరియాల పొడి, కరివేపాకు. దించాక ఒక పెద్ద చెంచా నిమ్మరసం. మీరు చప్పగా ఉందని అనలేదు గానీ పలచన చేస్తే ఆ మాట వస్తుంది, ఉప్పు డబ్బా జోలికి వెళ్లకుండా దాన్ని పులుపు, ఘాటుతో సరిచేయొచ్చు. కొన్న రసం పొడి వేసేటట్టయితే వెనక చదవండి, చాలావాటిలో ఉప్పు ఉంటుంది.

మనిషికి ఒకటిన్నర కప్పు వస్తుంది. దాదాపు 230 కేలరీలు, పది గ్రాముల మాంసకృత్తులు, క్యాన్ నుంచి వచ్చే సోడియం 325 మిల్లీగ్రాములు. పక్కన పుల్కా పెట్టండి. బ్రెడ్ అయితే ఒక్కో ముక్కకి ఇంకో 100 నుంచి 200 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది.

డల్లాస్_వంటిల్లు

చాలా ఉపయోగం అండి. పప్పుకి బదులు అన్నమో నూడుల్సో వేయొచ్చా? ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప వేయమంటారు, అది పనిచేస్తుందా?

జవాబు: పప్పుచారు_పక్షం

వేయొచ్చు, కానీ విడిగా వండి గిన్నెలో వడ్డించేటప్పుడే కలపండి. సూపులో వదిలేస్తే పావుగంటలో నీరంతా పీల్చేసి ముద్దవుతుంది. బంగాళాదుంప ఉప్పునీటిని పీల్చుకుంటుంది గానీ మిగిలిన నీటిలో ఉప్పు సాంద్రత తగ్గదు. నీళ్లో, ఉప్పు వేయని పప్పో పోయడమే దారి. క్యాన్ శనగలు, రాజ్మా వాడితే వాటి నీళ్లు పారబోసి కుళాయి కింద కడగండి, సోడియం దాదాపు 40 శాతం పోతుంది.

జవాబు: మరగనివ్వొద్దు

పాల సంగతి ఎవరూ చెప్పలేదు. టమాటా పులుపు, వేడి రెండూ కలిస్తే పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు గడ్డకడుతుంది. వెన్న తీసిన పాలు ఇంకా త్వరగా విరుగుతాయి. ముద్దలో సగం క్యాన్ నీళ్లు కలిపి సన్న సెగ మీద వేడిచేయండి. మిగతా సగం క్యాన్ కొలతకి చిక్కటి పాలు తీసుకుని, చల్లగా ఉండగానే చెంచా మొక్కజొన్న పిండి కలిపి, విడిగా గోరువెచ్చగా చేయండి. వేడి సూపు రెండు గరిటెలు పాలలో పోసి కలిపి, ఆ పాలని గిన్నెలోకి సన్నగా పోస్తూ తిప్పండి. చిక్కబడేదాకా సన్న సెగ మీద తిప్పుతూ ఉండండి, మరగకముందే దించేయండి. వంటసోడా వేస్తే విరగదని కొందరు అంటారు, నిజమే, కానీ పావు చెంచాకే 300 మిల్లీగ్రాముల సోడియం.

శాకాహారులన్నారు కాబట్టి ముందువైపు బొమ్మ నమ్మకండి. వెజిటబుల్ అని పేరున్న కొన్ని క్యాన్లలో బీఫ్ స్టాక్ (గొడ్డు మాంసం ఉడికించిన రసం), కొన్ని మినెస్ట్రోనీల్లో (ఇటలీ కూరగాయల సూపు) చికెన్ బ్రాత్ (కోడి మాంసం ఉడికించిన రసం) ఉంటాయి. ఫ్రెంచ్ ఆనియన్ సూపులో సాధారణంగా బీఫే. వెజిటేరియన్ అని రాసి ఉన్నా పదార్థాల వరుస చివరిదాకా చదవండి.

ఉబ్బిన క్యాన్, అతుకు దగ్గర నొక్కుకుపోయిన క్యాన్ తెరవకుండానే పారేయండి. మిగిలిన సూపు గాజు డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు.