‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’ మనిషి స్వభావం గురించి చెబుతోందా, ఆ పిల్లల్ని పెంచిన లోకం గురించి చెబుతోందా?

తీరరేఖ (చర్చ ప్రారంభం)

విలియం గోల్డింగ్ తొలి నవల ‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’ 1954లో వెలువడింది. అణుయుద్ధం నడుస్తుండగా ఇంగ్లండు పిల్లల్ని తరలిస్తున్న విమానం కూలిపోయి, పెద్దవాళ్లెవరూ లేని ఒక చిన్న పగడపు దీవి మీద ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు మగపిల్లలు మాత్రమే మిగులుతారు. శంఖం ఎవరి చేతిలో ఉంటే వారికే మాట్లాడే హక్కు అన్న నియమంతో మొదలైన వాళ్ల సభ చూస్తుండగానే చీలిపోతుంది. జాక్ నాయకత్వంలోని వేటగాళ్ల గుంపు చేతుల్లో సైమన్, పిగ్గీ అనే ఇద్దరు పిల్లలు చనిపోతారు. 2020లో నెదర్లాండ్స్ రచయిత రుట్గర్ బ్రెగ్మన్ నిర్జన దీవి మీద చిక్కుకుపోయి ఒకరినొకరు కాపాడుకుంటూ బతికిన టోంగా దేశపు పిల్లల నిజ ఉదంతాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చినప్పటి నుంచి, ఈ నవల చెప్పింది అబద్ధమని తేలిపోయిందనే పాఠకులు ఎక్కువయ్యారు. ఆ తీర్పుతో నేను ఏకీభవించలేను. ‘పెద్దల నీడ తొలగితే పిల్లలందరూ ఇంతే’ అని ఈ నవల అనడం లేదని నా అభిప్రాయం. ఇది యుద్ధం చేస్తున్న ఒక సమాజం, తన వరసలతో, తన హోదాలతో పెంచిన పిల్లల కథ.

జాక్ బృందం మొదటిసారి కనిపించే ఘట్టాన్ని గుర్తు చేసుకోండి. మండే ఎండలో, నల్లని అంగీలతో, రొమ్ము మీద వెండి రంగు సిలువతో, రెండు వరసలుగా కవాతు చేస్తూ వస్తారు. నాయకుడెవరన్న ప్రశ్న రాగానే, ప్రార్థన గీతాల బృందానికి తానే పెద్దనని, బడిలో విద్యార్థి నాయకుణ్ణని, కాబట్టి పదవి తనదేనని జాక్ అంటాడు. దీవి మీద అడుగుపెట్టి ఒక్క పూట కూడా కాలేదు. ఆ అధికార భాషను వాళ్లకు నేర్పింది అడవి కాదు, బడి.

ఈ సంగతి పాఠకుల కంటికి ఆనకపోవడానికి ప్రచురణ చరిత్రలో ఒక కారణం ఉందని అనుకుంటున్నాను. చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపిన ఆ రాతప్రతిని ఫేబర్ సంస్థలో మొదట చదివినవారు కూడా పనికిరానిదని రాసేశారు. అక్కడ కొత్తగా చేరిన సంపాదకుడు చార్లెస్ మాంటీత్ దాన్ని బయటికి తీసి, మార్పులు చేయిస్తే నిలబడుతుందని పట్టుబట్టాడు. అతడు చేయించిన ముఖ్యమైన మార్పుల్లో ఒకటి, యుద్ధాన్నీ పిల్లల తరలింపునూ వర్ణించే ప్రారంభ భాగాన్ని తీసేయించడం. కథనపరంగా అది మేలే చేసింది. కానీ యుద్ధం అక్కడొక మాట, ఇక్కడొక మాటగా మిగిలిపోయి, ప్రపంచంతో సంబంధం లేని దీవి మీద మానవ స్వభావానికి జరిపిన పరీక్షలాగా నవలను చదివే అలవాటు మనకు ఏర్పడింది. మీరంతా ఎలా చదివారో తెలుసుకోవాలని ఉంది.

బడిపలక

తీరరేఖ గారూ, మీ వాదన బాగుంది కానీ రచయిత మాటే దానికి అడ్డు వస్తోంది. సమాజంలోని లోపాల మూలాలను మానవ స్వభావంలోని లోపాల్లో వెతకడమే ఈ నవల ఉద్దేశమని గోల్డింగే చెప్పుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి, 1944లో నార్మండీ తీరాన రాకెట్లు ప్రయోగించే నౌకకు అధికారిగా ఉన్న మనిషి, ఆ తరవాత సాల్స్‌బరీలో మగపిల్లల బడిలో పాఠాలు చెబుతూ రాసిన పుస్తకం ఇది. నవల లోపల కూడా, కర్రకు గుచ్చిన పంది తల సైమన్‌తో మాట్లాడినట్టు తోచే ఘట్టంలో, పిల్లలు భయపడుతున్న మృగం అడవిలో లేదనీ మీలోనే ఒక భాగమనీ స్పష్టంగా వినిపిస్తుంది.

డిగ్రీ విద్యార్థులకు ఈ నవల బోధించే నాకు అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. ‘మనిషి పుట్టుకతోనే క్రూరుడు’ అన్న వాక్యాన్ని పిల్లలు పరీక్షలో సిద్ధాంతంలాగా రాసేస్తారు. అందుకే టోంగా ఉదంతాన్ని పక్కన పెట్టి చెబుతాను. 1965లో ఆరుగురు బడిపిల్లలు యజమానికి చెప్పకుండా ఒక చేపల పడవ తీసుకుని సముద్రం మీదికి వెళ్లి, తుపానులో చిక్కుకుని, కొట్టుకుపోయి, అటా అనే నిర్జన దీవికి చేరారు. సుమారు పదిహేను నెలల పాటు, 1966 సెప్టెంబరులో ఆస్ట్రేలియా నావికుడు పీటర్ వార్నర్ వాళ్లను చూసేదాకా, అక్కడే బతికారు. బోదెలు తొలిచి వాన నీళ్లు నిలవ చేసుకున్నారు, పాదులు వేసుకున్నారు, రాజేసిన నిప్పును ఆరనివ్వలేదు. ఇద్దరు పోట్లాడుకుంటే కోపం చల్లారేదాకా చెరో దిక్కుకూ వెళ్లి, తిరిగి వచ్చి కలిసేవారు. ఒకడు జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే, మిగిలినవాళ్లు పుల్లలు పెట్టి కట్టి, అతని పనులు తామే పంచుకున్నారు. ఆ కాలు చక్కగా అతుక్కుంది. నవలలో నిప్పు ఆరిపోవడంతోనే అన్నీ కూలడం మొదలవుతుంది కాబట్టి, ఈ పోలికను తోసిపుచ్చడం కష్టం.

గవ్వలరేవు

మీ ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటి చెబుతాను. ముఖానికి రంగు పూసుకోవడం, గుంపుగా నాట్యం చేయడం, ఈటె పట్టడం అనే గుర్తులతోనే ఈ నవల పిల్లల పతనాన్ని చూపిస్తుంది. అంటే పసిఫిక్ దీవుల్లో, ఆఫ్రికాలో, మన గిరిజన ప్రాంతాల్లో గౌరవంగా బతికే మనుషుల ఆచారాలే ఇక్కడ అనాగరికతకు చిహ్నాలయ్యాయి. బ్రిటన్ మొదటి ముద్రణలో పిగ్గీ నోట నల్లజాతివారిని కించపరిచే పదమే ఉండేది. తరవాతి ముద్రణల్లో మార్చారు.

బడిపలక గారు చెప్పిన అటా దీవికి కూడా చరిత్ర ఉంది. అది మొదటి నుంచీ నిర్జనం కాదు. 1863లో బానిస వ్యాపారులు ఓడలో వచ్చి అక్కడి జనంలో పెద్ద భాగాన్ని ఎత్తుకుపోతే, మిగిలినవారిని టోంగా రాజు మరో దీవికి తరలించాడు. ఆ పిల్లలు తిన్న కోళ్లు ఆ పాత ఊరివాళ్లు వదిలి వెళ్లిన కోళ్ల సంతతి. నాగరికుల క్రూరత్వం ఖాళీ చేసిన దీవి మీద, నవల ‘అనాగరికులు’ అనే కోవలో చేర్చే జాతి పిల్లలు ఒకరినొకరు కాపాడుకున్నారన్నది నాకు అన్నిటికంటే ముఖ్యమైన పోలిక.

తీరరేఖ

గవ్వలరేవు గారూ, మీ అభ్యంతరం న్యాయమైనది, నవలను ఎంత ఇష్టపడేవారైనా దాన్ని ఒప్పుకోవాలి. అయితే మీరు చెప్పిన అటా చరిత్ర నా వాదనకే బలం ఇస్తోంది. 1857లో బాలంటైన్ రాసిన ‘ద కోరల్ ఐలండ్’లో ముగ్గురు బ్రిటిష్ పిల్లలు ఒక దీవి మీద ఎంతో మర్యాదగా బతుకుతారు, చెడు అంతా ఓడదొంగల రూపంలోనో స్థానికుల రూపంలోనో బయటి నుంచే వస్తుంది. గోల్డింగ్ ఆ నవలలోని రాల్ఫ్, జాక్ అన్న పేర్లే తీసుకుని, ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాడు. చివర్లో వచ్చిన నౌకాదళ అధికారి, బ్రిటిష్ పిల్లలు ఇంతకంటే మెరుగ్గా ఉంటారనుకున్నానని నొచ్చుకుంటూ, ఆ పాత పుస్తకం పేరే ఎత్తుతాడు. పిల్లలు ఏడుస్తుంటే అతడు ముఖం తిప్పుకుని చూసేది తన యుద్ధనౌక వైపు. పిల్లలు భయపడ్డ ‘మృగం’ కూడా పెద్దల గగనయుద్ధంలో చనిపోయి, పారాచూట్‌తో కొండ మీద పడిన ఒక సైనికుడి శవమే.

బడిపలక గారూ, రచయిత తన పుస్తకం గురించి చెప్పిన మాట విలువైనదే, కానీ పుస్తకం అంతకంటే ఎక్కువ చూసింది. నాలుగో అధ్యాయంలో జాక్ బృందంలోని రోజర్ అనే పిల్లాడు, ఇసుకలో ఆడుకుంటున్న చిన్న పిల్లాడు హెన్రీ వైపు రాళ్లు విసిరే చోటు ఒక్కసారి మళ్లీ చదవండి. ప్రతి రాయీ గురి తప్పేలాగానే విసురుతాడు; హెన్రీ చుట్టూ సుమారు ఆరు గజాల మేర రాయి వేయడానికి అతనికి ధైర్యం చాలదు. తల్లిదండ్రులు, బడి, పోలీసులు, చట్టం కలిసి ఆ చేతిని పట్టి ఉంచుతున్నాయి. అయితే ఆ చేతిని అలా తీర్చిన నాగరికతే శిథిలమై పడి ఉందని గోల్డింగ్ అక్కడే రాశాడు. తరవాత పిగ్గీ మీదికి బండ దొర్లించేది ఈ రోజరే. టోంగా పిల్లలు తమ ప్రార్థనలనూ పాటలనూ కలిసి బతికే అలవాటునూ వెంట తెచ్చుకున్నారు, వాళ్ల వెనక ఉన్న ఊళ్లు నిలిచే ఉన్నాయి. ఈ పిల్లల వెనక ఉన్నది కాలిపోతున్న ప్రపంచం. రెండు ఉదంతాలూ ఒకే ప్రశ్నకు రెండు జవాబులని నేను అనుకోను.

బడిపలక

రోజర్ చెయ్యి ఆగిన ఆ పేజీని ఈసారి తరగతిలో తప్పకుండా చదివిస్తాను. ‘పుట్టుకతోనే క్రూరుడు’ అన్న వాక్యాన్ని పిల్లల చేత మాన్పించడానికి అదొక్క ఘట్టం చాలు. అయినా సైమన్ విన్న మాటను మీ వివరణ దాటవేస్తోంది. యుద్ధం నడిపే లోకమే ఆ పిల్లల్ని అలా పెంచిందని ఒప్పుకున్నాం అనుకోండి. ఆ యుద్ధం చేసిన పెద్దలు కూడా ఒకప్పుడు పిల్లలే, వాళ్లకు తల్లిదండ్రులు, బడి, చట్టం అన్నీ ఉన్నాయి. మరి వాళ్లను అలా చేసింది ఏమిటన్న ప్రశ్నకు మీ పఠనంలో నాకు జవాబు దొరకలేదు. గోల్డింగ్ మాటలో దొరుకుతోంది, అది నాకు నచ్చకపోయినా సరే.