ఆరడుగుల రెండంగుళాలు, 112 కిలోలు: మొదటి బండి ఏది తీసుకోమంటారు?

అన్నలూ, మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం. బండి నేర్చుకుని నెలే అయింది, అదీ మా బావ 100 సీసీ బండి మీద. మలుపు తిప్పితే హ్యాండిల్ మోకాలికి తగులుతోంది. మా ఆవిడ వెనక కూర్చుంటే ప్రతి గుంతలో షాకబ్జర్లు పూర్తిగా దిగిపోయి టక్కుమంటున్నాయి. నెలకు రెండుసార్లు సుంకి ఘాటీ దిగి సాలూరు, అత్తారింటికి వెళ్లాలి. తిరుగు ప్రయాణంలో, వానలో, లారీ వెనక ఎత్తు మీద ఆగి మళ్లీ కదలాలంటే భయంగా ఉంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 చూశా. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, కాళ్లు చక్కగా ఆనాయి, కానీ బరువు 195 కిలోలు. పడితే కొత్తవాడు లేపగలడా? హీరో ఎక్స్‌పల్స్ 200 సీటు 825, బరువు 160 లోపే. నా మనసు దాని మీదే ఉంది. ఇద్దరం ఎక్కితే ఘాటీలో లాగుతుందా? వెనక షాకబ్జర్ ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే సర్దుబాటు) బిగిస్తే సరిపోతుందా, లేక గట్టి స్ప్రింగ్ వేయించాలా? నా అంత బరువున్నవాళ్లు నడుపుతుంటే దయచేసి చెప్పండి.