ఇద్దరు పిల్లల లెక్కలో మంగళవారం ఎందుకు దూరింది?

మాది విజయనగరం. నిన్న గంటస్తంభం దగ్గర టీ తాగుతూ మా బావ ఒక లెక్క అడిగాడు. 1959లో గణిత పజిళ్ల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ ఇచ్చిందట. ఒకరికి ఇద్దరు పిల్లలు, కనీసం ఒకరు అబ్బాయి. ఇద్దరూ అబ్బాయిలే అయ్యే అవకాశం ఎంత? సగం అన్నాను. కాదు, మూడో వంతు అన్నాడు.

ఇంటికొచ్చి, బొమ్మ పడితే అబ్బాయి అనుకుని, రెండు రూపాయి బిళ్లలు 60 సార్లు ఎగరేశాను (మా ఆవిడ చూసిన చూపు చెప్పక్కర్లేదు). కనీసం ఒక బొమ్మ పడినవి 44, రెండూ బొమ్మలే పడినవి 15. సరే, బావే గెలిచాడు. "పెద్ద బిడ్డ అబ్బాయి" అంటే మాత్రం సగమే, అదీ అర్థమైంది.

అక్కడితో ఆగితే బాగుండేది. "కనీసం ఒకడు మంగళవారం పుట్టిన అబ్బాయి" అంటే జవాబు 13/27 అట! ఒక్కో బిడ్డకి అబ్బాయి లేదా అమ్మాయి, ఏడు వారాలు కలిపి 14 రకాలు కాబట్టి, కాగితం మీద 14 అడ్డం, 14 నిలువు గడులు గీసి చూశాను. నిజమే, మంగళవారం అబ్బాయి ఉన్న 27 గడుల్లో ఇద్దరూ అబ్బాయిలైనవి 13. కానీ ఏ వారం చెప్పినా అదే జవాబు వస్తుంది కదా, ప్రతి అబ్బాయీ ఏదో ఒక వారం పుట్టినవాడే కదా. మరి వారం చెప్పకముందు మూడో వంతు ఎందుకుంది?

ఆ సంగతి మనకెలా తెలిసిందనే దాన్ని బట్టి ఉంటుందని బావ గొణిగాడు గానీ వివరించలేకపోయాడు. ఫార్ములాలు లేకుండా, ఒక ఉదాహరణతో ఎవరైనా చెప్పగలరా?