చలికాలంలో ఇంటి లోపల గోంగూర: దీపం, తేమ, ఎర్రనల్లి గురించి సలహా కావాలి

నమస్కారం. టొరంటోలో ఎనిమిదేళ్లుగా మే నెలాఖరున పెరట్లో గోంగూర, మిరప వేసి, అక్టోబరు మంచుకు మాడిపోయేదాకా కోసుకుంటున్న నేను, ఈ శీతాకాలం మొదటిసారిగా బేస్‌మెంట్‌లో ఎల్‌ఈడీ దీపాల కింద గోంగూర పెంచడం నేర్చుకుంటున్నాను.

పగటి వేళ తగ్గితే గోంగూర పూతకు వస్తుంది కనుక, ఆకు కోసమని టైమరు పెట్టి రోజుకు 16 గంటలు దీపం వెలిగిస్తున్నాను. అయినా ఆరు వారాల మొక్కలు కాడ సన్నబడి పక్కకు వాలుతున్నాయి. కణుపుకూ కణుపుకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంది. దీపం మొక్కల తలకు రెండడుగుల పైన ఉంది. దాన్ని అడుగు కిందికి దించితే సరిపోతుందా, లేక నాలుగు కుండీలకు 100 వాట్లు చాలవా? మొక్కలకు తగిలేలా చిన్న ఫ్యాను పెడితే కాడలు గట్టిపడతాయా?

అంతకన్నా పెద్ద బెంగ మరొకటి ఉంది. హీటరు వల్ల గదిలో తేమ 25 శాతానికి పడిపోయింది. నిన్న ఆకు తిరగేసి చూస్తే, ఈనె వెంట సన్నని గూడు అల్లుకొని, అందులో ఆవగింజకన్నా చాలా చిన్న ఎర్రటి చుక్కలు కదులుతున్నాయి. అది ఎర్రనల్లి అనుకుంటున్నాను. పెరట్లో అయితే వానే కడిగేసేది. పప్పులో వేసుకునే ఆకు కాబట్టి ఘాటైన మందు కొట్టడం నాకిష్టం లేదు. సబ్బునీళ్లు ఎన్ని రోజులకొకసారి, ఎంత పలుచగా చల్లాలో, గదిలో తేమ ఎంతకు పెంచాలో ఇంటి లోపల పెంచి చూసినవారు దయచేసి చెప్పగలరు.