క్వాబా సిగారుకు ఇంత చెడ్డపేరు న్యాయమేనా?

ధూమలేఖ

క్యూబా సిగార్ల మాట ఎక్కడ వచ్చినా కొహీబా, మోంటెక్రిస్టో, పార్టగాస్ చుట్టూనే తిరుగుతుంది. క్వాబా పేరెత్తితే చాలు, "దాని జోలికి పోవద్దు" అనేస్తారు. అలా అనేవాళ్లలో చాలామంది షాపులో చేతికందిన చిన్న సైజు ఒకటి కొని, సగంలో పారేసి, బ్రాండు మొత్తానికీ తీర్పు చెప్పేసినవాళ్లే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తప్పు అందులోని ఆకుది కాదు. అది మార్కెట్లోకి వచ్చిన కాలం మంచిది కాదు, దాని ఆకారం చుట్టేవాళ్లకు కష్టం, మనం తాగే తీరు దానికి నప్పదు.

కొత్తవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. క్వాబాను 1996లో లండన్‌లో విడుదల చేశారు. ఈ బ్రాండులో మామూలుగా తయారయ్యే ప్రతి సిగారూ డబుల్ ఫిగురాడోనే. అంటే రెండు కొసలూ మొనదేలి, నడుమ లావుగా ఉంటుంది. 19వ శతాబ్దం చివర్లో ఇదే ఫ్యాషన్. తర్వాత నిటారుగా ఒకే మందంలో ఉండే సిగార్లు వచ్చి దీన్ని పక్కకు నెట్టేశాయి. 1930ల నాటికి ఇది దాదాపు కనిపించకుండా పోయింది. దాన్ని మళ్లీ తెస్తామని మొదట నాలుగు సైజులు వదిలారు: డివినోస్, ట్రెడిషనాలెస్, హెనెరోసోస్, ఎక్స్‌క్లూసివోస్. పెద్దవైన సాలమోనెస్, డిస్టింగిడోస్, డియాడెమాస్ ఆ తర్వాత వచ్చాయి.

ఈ ఆకారంలో లోపలి ఆకు సర్దడమే అసలు పని. నిటారు సిగారుకైతే ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే మందంలో పేర్చితే సరిపోతుంది. దీనికి నడుమ నిండుగా, కొసల దగ్గర పలచగా రావాలి, అయినా పొగ వెళ్లే దారి ఎక్కడా మూసుకుపోకూడదు. సన్నటి కొస దగ్గర ఒక్క ఆకు మెలిపడినా అంతే, బుగ్గలు నొప్పి పుట్టేలా లాగినా పొగ రాదు. చేయి తిరిగినవాళ్లు చేయాల్సిన పని ఇది.

సరిగ్గా ఆ సమయంలో క్యూబా పరిస్థితి ఏమిటి? సోవియట్ యూనియన్ కూలాక ఎరువులకూ ఇంధనానికీ కటకట, పొగాకు దిగుబడి పడిపోయింది. మరోపక్క ప్రపంచమంతా సిగార్ల మోజు. విదేశీ మారకం కావాలి కాబట్టి దశాబ్దం చివరికి వచ్చేసరికి ఉత్పత్తి పెంచుకుంటూ పోయారు, కొత్తవాళ్లను హడావుడిగా బల్లల ముందు కూర్చోబెట్టారు. బ్లూ మోల్డ్ తెగులును తట్టుకుంటుందని వేసిన హబానా 2000 రకం పైఆకు సరిగ్గా కాలదని పెద్ద గోల. తర్వాత దాన్ని వదిలి క్రియోయో 98, కొరోహో 99 రకాలకు మారారు. చుట్టిన కట్టను మెషీన్ మీద పెట్టి గాలి ఆడుతోందో లేదో చూడటం 2000ల మొదట్లో గానీ ఫ్యాక్టరీల్లోకి రాలేదు. ఆ ఏళ్లలో మోంటెక్రిస్టోలు కూడా బిగుసుకుపోయేవి. కానీ 1935 నుంచి సంపాదించుకున్న పేరు దానికి ఉంది, జనం సర్దుకుపోయారు. నిన్నగాక మొన్న వచ్చిన క్వాబాకు ఆ వెసులుబాటు లేదు. ఆదిలోనే హంసపాదు పడింది, అది ఇప్పటికీ చెరగలేదు.

మీకు నచ్చకపోతే నచ్చలేదనే రాయండి. కానీ ఏ సైజు తాగారు, బాక్స్ ఏ ఏడాదిది అన్నది కూడా చెప్పండి. లేకపోతే చర్చ ముందుకు సాగదు.

డేరా దుబాయ్

ధూమలేఖ గారూ, చరిత్ర బాగా చెప్పారు, అందులో నాకు తగాదా లేదు. 1996 సంగతి 1996లో అయిపోయింది. నేను తాగింది ఎక్స్‌క్లూసివోస్, 2010 తర్వాతి బాక్సులు. అప్పటికి మెషీన్లు వచ్చాయి, పైఆకు రకం మారింది. అయినా సగం సిగార్లు ఒక పక్కే కాలేవి. రెండోసారి, మూడోసారి లైటర్ పెట్టి సరిచేసుకుంటూ కూర్చుంటే ఇక రుచి ఏం తెలుస్తుంది?

ఆకారం కష్టం అన్నారు. మరి పార్టగాస్ ప్రెసిడెంటెస్ సంగతేంటి? అదీ రెండు కొసలూ మొనదేలినదే. క్వాబా పుట్టక ముందు నుంచీ ఉంది. ఒక కొస మాత్రమే మొనదేలిన మోంటెక్రిస్టో నంబర్ 2, హెచ్. ఉప్‌మన్ నంబర్ 2 చూడండి. రెండూ 156 మి.మీ. పొడవు, 52 రింగ్ (సిగారు మందం కొలత). వాటి కోసం జనం ఎగబడతారు. కాబట్టి మొనదేలిన సిగారంటే జనానికి పడదు అనడం కుదరదు.

నా అసలు ఫిర్యాదు ఇంకొకటి. బొలివర్ వెలిగిస్తే మట్టివాసన, ఘాటు. హోయో అయితే తేలిక, మెత్తదనం. పార్టగాస్‌లో మిరియం లాంటి కారం. కళ్లు మూసుకుని తాగినా పోల్చుకోవచ్చు. క్వాబాకు అలాంటి సొంత గొంతు ఏది? దాన్ని గుర్తుపట్టేది ఆకారంతోనే. ఆకారం తీసేస్తే అందులో మిగిలేది ఏమిటో మీరే చెప్పాలి.

లంకాకు

నేను క్యూబా సిగార్లలో పెద్ద అనుభవం ఉన్నవాణ్ని కాదు. మాది గోదావరి లంకల్లో పొగాకు పండించిన కుటుంబం, చుట్టాకు మధ్యన పెరిగాను. పక్కకు కాలడం గురించి ఒక మాట చెప్తాను.

ఆకు పదును మీద ఉన్నప్పుడే చుట్టాలి. పదును తక్కువైతే చిట్లిపోతుంది, ఎక్కువైతే చుట్టినప్పుడు బాగానే ఉన్నట్టుంటుంది గానీ తర్వాత లోపల ముద్దకట్టి పొగ ఆగిపోతుంది. మా తాతగారు చుట్టను వేళ్ల మధ్య నొక్కి చూసి, మెత్తగా తగిలితే వెలిగించేవారు కాదు, చూరులో దోపేవారు. ఇప్పుడు మీరంతా సిగార్లను పెట్టెల్లో 70 శాతం తేమలో పెడుతున్నారని చదివాను. నడుమ లావుగా, కొస సన్నగా ఉన్నదానికి ఆ తేమ ఎక్కువ కాదా? సన్నటి కొస ముందు ఉబ్బుతుంది, దారి అక్కడే మూసుకుపోతుంది. దుబాయ్ బాబు గారు ఏ తేమలో ఉంచారో అడగాలనిపించింది.

విశాఖ డెంటిస్ట్

చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. సిగారు పొగ లోపలికి పీల్చం కాబట్టి ఏం కాదు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది నిజం కాదు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు సిగారు కూడా కారణమే. ఉత్తరాంధ్రలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డచుట్ట వల్ల అంగిలి దెబ్బతిన్న ఆడవాళ్లను మా వృత్తిలో చూస్తూనే ఉంటాం. కొత్తగా మొదలుపెడదామని ఈ పేజీకి వచ్చినవాళ్లు ఇది కూడా చదవాలి. ఇంతకన్నా నేను మాట్లాడను.

జెర్సీ తెలుగు

డాక్టర్ గారి మాట కాదనేది లేదు.

క్వాబా విషయానికొస్తే, అమెరికాలో ఉన్నవాళ్ల ఇబ్బంది వేరు. 1962 నుంచి ఆంక్షలు. 2016 అక్టోబర్‌లో ప్రయాణికులు సొంతానికి తెచ్చుకోవచ్చన్నారు, 2020 సెప్టెంబర్‌లో ఆ అనుమతిని మళ్లీ ఎత్తేశారు. అందుకని మేం బయటి దేశాలకు వెళ్లినప్పుడు, అక్కడే తాగి రావాలి. ఒకటో రెండో తాగే వీలుంటే ఎవరైనా పేరున్నదే కొంటారు గానీ క్వాబా ఎందుకు కొంటారు? ప్రయోగాలు చేసే అవకాశం లేకపోవడం కూడా దీనికి పేరు రాకపోవడానికి ఒక కారణమే.

నేను స్పెయిన్‌లో సాలమోనెస్ తాగాను. 184 మి.మీ. పొడవు, 57 రింగ్, చేతిలో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది. వెలిగించే కొస మాత్రం పెన్సిల్ మొన అంత. అగ్గిపుల్ల ఒక్కసారి చూపిస్తే చాలు, అంటుకుంటుంది. మొదట్లో పొగ పలచగా, కాస్త చేదుగా వచ్చింది, నిజం చెప్పాలంటే నిరాశపడ్డాను. నిప్పు ఆ మొన దాటి లావు భాగంలోకి రాగానే మొత్తం మారిపోయింది. పొగ చిక్కబడింది, కాల్చిన గింజల రుచి, వెనకాలే కొద్దిగా తీపి. రెండు గంటలకు పైనే సాగింది. కాలుతున్నకొద్దీ మందం మారుతూ ఉంటుంది కదా, రుచి కూడా ఒక చోట నిలవదు. చివరికి మళ్లీ సన్నబడే చోట ఘాటు బాగా పెరిగింది. ఖాళీ కడుపుతో తాగేది కాదు.

దుబాయ్ గారు సొంత గొంతు ఏది అన్నారు. నాకు తెలిసి ఆ మారడమే దాని గొంతు. ఒకే మందంలో ఉన్న సిగారు అది ఇవ్వలేదు.

డేరా దుబాయ్

లంకాకు గారూ, మంచి ప్రశ్న. నేను 69, 70లోనే ఉంచాను. ఇక్కడ బయట ఎండ, లోపల ఏసీ, ఎండిపోతాయని భయపడి అందరం అంతే పెడతాం. అదే పెట్టెలో ఉన్న పార్టగాస్ మాత్రం చక్కగా కాలింది. ఒకే ఇంట్లో ఒక పిల్లాడు మాత్రమే రోజూ జబ్బు పడుతుంటే ఇంటిని అనాలా, పిల్లాడిని చూపించుకోవాలా?

జెర్సీ గారూ, మీరు చెప్పింది సాలమోనెస్ గురించి. సాలమోనెస్ బాగోదని నేను అనలేదు, ఎవరూ అనరు. ఆ సైజు మీద సామాన్యంగా మంచి మాటే వింటాం. దాన్ని అడ్డు పెట్టుకుని బ్రాండు మొత్తాన్ని కాపాడలేం. మొదట వదిలిన నాలుగు సైజుల్లో కొన్నింటిని తయారీ నుంచి తీసేశారంటే అమ్ముడుపోకనే కదా!

ఇంకో విషయం కూడా చెప్పాలి. 2022లో కొహీబా, ట్రినిడాడ్ ధరలను ప్రపంచమంతా హాంకాంగ్ స్థాయికి చేర్చారు. మిగతావీ పెరిగాయి. పెద్ద బ్రాండ్లు కొనలేక జనం మూల అరల్లో ఉన్నవాటిని వెతుక్కుంటున్నారు. క్వాబా మీద ఇప్పుడు కనిపిస్తున్న ప్రేమలో సగం అదే. దొరికింది తినడం వేరు, ఇష్టపడి తినడం వేరు. ఇప్పుడు క్వాబా కూడా చవకేం కాదు. అంత డబ్బు పెట్టి, బాగా చుట్టింది తగులుతుందో లేదో అని టెన్షన్ పడుతూ వెలిగించాలా?

ధూమలేఖ

దుబాయ్ గారూ, చివరి మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. డబ్బు పెట్టినవాడికి ప్రతిదీ బాగా కాలాలని అడిగే హక్కు ఉంది, కష్టమైన ఆకారం అని చెప్పి తప్పించుకోవడం ఫ్యాక్టరీకి తగదు. అందులో మీ పక్షమే. డివినోస్‌ను కూడా నేను సమర్థించను. 101 మి.మీ. పొడవులో రెండు మొనలు పోగా నడుమ భాగం ఎంత మిగులుతుంది? సిగారు దారిలో పడే వేళకి అయిపోతుంది. ఈ ఆకారానికి పొడవు కావాలి, లేకపోతే దాన్ని తేవడంలో అర్థం లేదు. షాపుల్లో కొత్తవాళ్ల చేతికి ముందు ఇచ్చేది అదే, నా బాధ అంతా అక్కడే.

పార్టగాస్ ప్రెసిడెంటెస్ పోలిక మాత్రం ఒప్పుకోను. అది పెద్ద బ్రాండులో ఒక మూల ఉన్న సైజు. బాగోకపోయినా పార్టగాస్‌కు వచ్చే నష్టం లేదు, బ్రాండు పరువు కాపాడటానికి పక్కన పేరున్న డి నంబర్ 4 సైజు ఉంది. క్వాబా మొత్తం బతుకు ఈ ఒక్క ఆకారం మీదే పెట్టారు. ఒక్క నిటారు సిగారు కూడా లేదు. క్యూబా సిగార్లను ప్రపంచమంతా అమ్మే హబానోస్ సంస్థ అంత ధైర్యం చేసిన బ్రాండు నాకు ఇంకొకటి కనిపించదు. ఆ ధైర్యాన్ని గౌరవించాలనే నేను ఈ చర్చ మొదలుపెట్టాను. మోంటెక్రిస్టో నంబర్ 2కు వెలిగించే కొస తెరిచి ఉంటుంది, పక్కకు కాలినా లావుగా ఉంది కాబట్టి తొందరగా సర్దుకుంటుంది. రెండు కొసలూ మొనదేలేలా చుట్టినదానితో దాన్ని పోల్చడం సరికాదు.

ఇంట్లో పిల్లాడి మాట అన్నారు. ఒకే ఇంట్లో ఉన్నా పిల్లలందరికీ ఒకే చొక్కా పట్టదు కదా. లంకాకు గారు చెప్పింది నేను చేస్తున్నదే. క్యూబా సిగార్లను 62 నుంచి 65 శాతం దగ్గర ఉంచితే బాగా కాలతాయన్నది చాలామంది అనుభవం, క్వాబాకు అది ఇంకా అవసరం. మీ దగ్గర మిగిలినవి ఉంటే వేరే పెట్టెలోకి మార్చి, తేమ తగ్గించి, కొన్ని నెలలు ముట్టుకోకుండా వదిలేయండి. ఆ తర్వాత కూడా పక్కకే కాలితే వచ్చి రాయండి, మీ మాట మీద ఉంటాను.

కొత్తవాణ్ని

ధూమలేఖ గారూ, నాకు ఒక ఎక్స్‌క్లూసివోస్ గిఫ్టుగా వచ్చింది. పెట్టె అడుగున ఏదో ముద్ర ఉంది, కొన్ని అక్షరాలు, కింద "ఓసీటీ", పక్కన రెండు అంకెలు. అంటే ఏమిటి? రెండు వైపులా కట్ చేయాలా? మొన ఎంత కోయాలి?

ధూమలేఖ

పైన ఉన్నవి ఫ్యాక్టరీ కోడ్. ఓసీటీ అంటే అక్టోబర్, పక్కన అంకెలు ఏడాది. నెల పేర్లు స్పానిష్‌లో ఉంటాయి, జనవరికి "ఇఎన్ఇ" అని కనిపిస్తుంది. నాలుగైదేళ్లు దాటిన బాక్స్ అయితే మీ అదృష్టం.

వెలిగించే వైపు కోయొద్దు. ఆ మొనకు చిన్న రంధ్రం ఉంటుంది, చాలు. నోట్లో పెట్టుకునే వైపు కొద్దిగా, రెండు మూడు మి.మీ. మించకుండా కోసి, వెలిగించకుండానే ఒకసారి లాగి చూడండి. గాలి ఆడకపోతే ఇంకో మి.మీ. కోయండి. ఒకేసారి ఎక్కువ కోస్తే పైఆకు విడిపోతుంది, దాన్ని మళ్లీ అతికించలేం. వెలిగించాక మొన కాలేంతవరకు నెమ్మదిగా లాగండి. అప్పుడు చేదుగా ఉందని పారేయొద్దు, లావు భాగంలోకి నిప్పు వచ్చేదాకా ఆగండి. తాగాక నచ్చిందో లేదో ఇక్కడే రాయండి, బాక్స్ మీది ఏడాదితో సహా.