శ్రీకాకుళంలో మంచి భోజనం ఎక్కడ? ఎలా వెతకాలి?

ప్రశ్న: ఆదివారం అమ్మానాన్నలతో అరసవల్లి దర్శనం, తర్వాత శ్రీకూర్మం. ఆమదాలవలస స్టేషన్లో తెల్లారేసరికి దిగుతాం. ఊళ్లోవాళ్లు తినే హోటల్ పోల్చుకోవడం ఎలాగండీ?

జవాబు 1: ఆదివారం సూర్యనారాయణస్వామి వారం, గుడి దగ్గర రద్దీ విపరీతం. అక్కడ టిఫిన్ పెట్టుకోకండి. హడావిడిలో ఇడ్లీ సరిగ్గా ఉడకదు, చట్నీలో నీళ్లు కలుస్తాయి. గుడి నుంచి ఊరు రెండు మూడు కిలోమీటర్లే. ఏడు రోడ్ల జంక్షన్ వైపు వచ్చి, పార్శిల్ కోసం స్టీలు క్యారేజీలు పట్టుకుని నిలబడినవాళ్లున్న హోటల్ చూడండి. రోజూ కొనేవాళ్లే క్యారేజీ తెచ్చుకుంటారు. పెసరట్టు అప్పటికప్పుడు పెనం మీద వేస్తేనే తీసుకోండి.

జవాబు 2: మ్యాప్‌లో స్టార్లు నమ్మకండి. రివ్యూలను ‘కొత్తవి ముందు’ అని మార్చి, తిన్నవాళ్లు పెట్టిన ఫొటోలు చూడండి. వంటమనిషి మారితే పాత పొగడ్తలు పనికిరావు. భోజనానికి పన్నెండున్నరకే వెళ్లండి. రెండు దాటితే కూరలు అడుగంటుతాయి, పప్పులో వేడినీళ్లు పోస్తారు. "ఈరోజు ఆవపెట్టిన కూర ఉందా?" అని అడగండి. పనసపొట్టో, కందా బచ్చలో ఉందంటే అది ఇక్కడి వంటే.

జవాబు 3: మర్నాడు కళింగపట్నం వెళ్లి చేపలు తినేటట్టయితే, ముక్కకా, ప్లేటుకా ధర అన్నది వేయించకముందే తేల్చుకోండి బాబూ. పచ్చి చేప చూపించమనండి: మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బి ఉండాలి.