ఎగ్జిమా దురదకి అలర్జీ మాత్ర ఎందుకు పనిచేయదు? మీ అనుభవాలు చెప్పండి

నిద్రలేనివాడు:
మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక అటోపిక్ ఎగ్జిమా (చర్మం ఎండి, వాచి, దురదపెట్టే దీర్ఘకాలిక జబ్బు). పన్నెండేళ్లుగా. రోజూ పడుకునే ముందు సిట్రిజిన్ వేసుకుంటాను. కునుకు పడుతుంది గానీ, చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. పొద్దున లేస్తే దుప్పటి మీద రక్తపు చుక్కలు. అలర్జీ అన్నారు, అలర్జీ మాత్రే మింగుతున్నా. మరి దురద ఎందుకు పోదు?

గోరింట:
నాకు ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు లేస్తే అదే మాత్రకి గంటలో దిగిపోయాయి. ఎగ్జిమాకి మాత్రం వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే.

ల్యాబ్‌కోటు:
గోరింట గారి మాటలోనే సగం జవాబు ఉందండి. (ఇమ్యునాలజీ చదివాను, డాక్టర్ని కాదు.) దద్దుర్లలో చర్మంలోని మాస్ట్ అనే రోగనిరోధక కణాలు హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనాన్ని చిమ్ముతాయి, మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. ఎగ్జిమా దురదని మోసే నరాల్లో చాలావాటికి హిస్టమిన్‌తో పనే లేదు. అక్కడ టీహెచ్2 అనే తెల్ల రక్తకణాలు ఇంటర్‌ల్యూకిన్-31 అనే సంకేత ప్రోటీన్ వదులుతాయి. దాన్ని అందుకునే గ్రాహకం నేరుగా నరం మీదే ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-4, 13ల తీరు వేరు. అవి నరాన్ని రెచ్చగొట్టి ఉంచుతాయి, ఆ తర్వాత ఏది కాస్త తగిలినా అది ఎగిరిపడుతుంది. 2017లో ఎలుకల మీద చూశారు: ఈ సంకేతాలని కణం లోపలికి చేరవేసే జాక్1 అనే ఎంజైమ్ నరాల్లో లేకుండా చేస్తే దీర్ఘకాలిక దురద తగ్గింది.

గోరింట:
ఓహో, అందుకేనా ఉన్ని స్వెటర్ వేసుకుంటే మచ్చ లేని చోట కూడా పీక్కోవాలనిపించేది! నా బుర్రలోనే ఏదో తేడా ఉందనుకున్నా ఇన్నాళ్లూ.

ఇద్దరుపిల్లలతల్లి:
మావాడికి ఏడేళ్లు. "గోకకు, గోకకు" అని నా నోరు నొప్పెడుతోంది. గోకితే వాడికి హాయిగా ఉంటుందట, ఐదు నిమిషాలకి ఇంకా ఎక్కువవుతుందట.

ల్యాబ్‌కోటు:
రెండూ నిజమేనమ్మా. గోకినప్పుడు పుట్టే నొప్పి వెన్నుపాములో దురద సంకేతాన్ని కాసేపు అణిచేస్తుంది. ఈలోపు గీసుకుపోయిన చర్మకణాలు టీఎస్‌ఎల్‌పీ అనే పదార్థం వదులుతాయి. అది అటు నరాన్నీ తడుతుంది, ఇటు ఆ టీహెచ్2 కణాలనీ పిలుస్తుంది. మళ్లీ దురద. దీనికి తోడు ఎగ్జిమా చర్మం మీద కాపురం పెట్టే స్టెఫైలోకాకస్ ఆరియస్ ఒకటి. ఆ బ్యాక్టీరియా వదిలే ఒక ఎంజైమ్ వాపుతో పని లేకుండా నరాన్నే తాకి దురద పుట్టిస్తుందని 2023లో ఎలుకల్లో తేలింది. కాబట్టి వాణ్ణి తిట్టకండి. గోళ్లు కత్తిరించండి, దురద పెట్టినచోట చల్లటి తడిగుడ్డ వేయండి. చల్లదనం కూడా ఆ సంకేతాన్ని తగ్గిస్తుంది.

నిద్రలేనివాడు:
రాత్రిపూటే ఎందుకండీ మరీ ఇంత?

ల్యాబ్‌కోటు:
వాపుని అదుపులో ఉంచే కార్టిసాల్ రాత్రి బాగా పడిపోతుంది. చర్మం వెచ్చబడుతుంది, నీరూ ఎక్కువ పోతుంది. పైగా మనసు మళ్లించే పనేదీ ఉండదు కదా.

పాతరోగి:
నాది డుపిలుమాబ్ అనుభవం. ఇంటర్‌ల్యూకిన్-4, 13 రెండూ వాడుకునే గ్రాహకాన్ని మూసేసే ఇంజెక్షన్ ఇది. నాకు మచ్చలు అలాగే ఉండగానే దురద తగ్గడం మొదలైంది, అదే వింత. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి, చుక్కలు వాడాల్సి వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-31 గ్రాహకాన్ని ఆపే నెమోలిజుమాబ్ కూడా వచ్చింది. ఆ జాక్ ఎంజైములని అడ్డుకునే మాత్రలు ఇంకా త్వరగా పట్టు చూపిస్తాయి గానీ రక్తపరీక్షలు, ఇన్ఫెక్షన్ల భయం ఉన్నాయి. సొంతంగా మొదలుపెట్టే మందులు కావివి. అయినా అంతదాకా పోయేముందు పూతమందు సరిగ్గా రాస్తున్నారా? నేను ఏళ్లపాటు భయపడి బఠాణీ గింజంత రాసి, పనిచేయట్లేదని ఏడ్చాను.

నిద్రలేనివాడు:
మూడు వారాల తర్వాత వస్తున్నా. డాక్టర్ సిట్రిజిన్ ఆపేశారు. పూతమందు ఎంత రాయాలో వేలి మీద కొలిచి చూపించారు (నేనూ బఠాణీ బాపతే!), స్నానం చేసిన వెంటనే తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయమన్నారు. నిన్న రాత్రి రెండుసార్లే లేచాను. దుప్పటి మీద చుక్కలు ఇంకా ఉన్నాయి, కాకపోతే ఇప్పుడు లెక్కపెట్టొచ్చు. నాలుగు.